రెండో అంకె

బాలానగర్ షెడ్లలో లేత్ మీద తిరిగే షాఫ్ట్‌ను కొలవాలంటే మెషిన్ ఆపి మైక్రోమీటర్ పెడతారు. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ 1968 నుంచీ ఉన్న చోటు ఇది, కొలత ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఇక్కడి నుంచి హైటెక్ సిటీకి వెళ్లి నేను చేసే పనిలో మాత్రం ఆ వీల్లేదు. సర్వర్‌ను ఆపితే వెతుకుతున్న జబ్బు కూడా దాంతోపాటే మాయమవుతుంది. నడుస్తుండగానే కర్నెల్‌లో చెయ్యి పెట్టాలి.

లినక్స్‌లో అందుకు దారి వేసింది కేప్రోబ్స్. దాని సోర్స్ ఫైల్ తెరిస్తే పైనే ఉంటుంది, 2002 అక్టోబరులో ఐబీఎం ఇండియాలోని వంశీకృష్ణ ఎస్. తొలిరూపం రాశారని. ఆ కింద ప్రసన్న పంచముఖి, సుపర్ణా భట్టాచార్య పేర్లు. 2004లో 2.6.9 వెర్షన్‌తో అది కర్నెల్‌లో చేరింది. యూజర్ ప్రోగ్రాముల్లో ఇదే పని చేసే యూప్రోబ్స్ 2012లో వచ్చింది, దాన్ని రాసినవాళ్లలో మొదటి పేరు శ్రీకర్ ద్రోణంరాజు. రోజూ ఈ టూల్స్ వాడే మన పిల్లలకు ఈ పేర్లు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒక్క ప్రోబ్ పెట్టడం తేలికే. ఇంటెల్ ప్రాసెసర్ మీదైతే ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైట్ తీసి బ్రేక్‌పాయింట్ బైట్ పెడతారు. సీపీయూ అక్కడికి రాగానే ట్రాప్ అవుతుంది, మన కోడ్ నడుస్తుంది, విడిగా దాచిన అసలు ఇన్‌స్ట్రక్షన్ పూర్తి చేసుకుని సీపీయూ తన దారిన పోతుంది. సెకనుకు పదిసార్లు పిలిచే ఫంక్షన్ అయితే ఎవరికీ తెలియదు. పది లక్షలసార్లు పిలిచేదైతే ఆ ట్రాపే భారం. 2010లో మసామి హిరమత్సు తెచ్చిన మార్పుతో, వీలైన చోట ట్రాప్ బదులు ఐదు బైట్ల జంప్ వచ్చింది. వేల ఫంక్షన్లకు ఒక్కొక్కటిగా తగిలించే తంటా 2022లో, కర్నెల్ 5.18తో తగ్గింది.

అయితే నేను చూసినంతలో ఎక్కువ బరువు ప్రోబ్‌ది కాదు, మనం వేసే లెక్కది. 64 కోర్లూ ఒకే కౌంటర్‌ను పెంచుతుంటే ఆ ఒక్క క్యాష్ లైన్ కోసం లాగులాట మొదలవుతుంది. ఏ కోర్ లెక్క ఆ కోర్ దగ్గరే ఉంచి, చదివేటప్పుడు కూడితే ఆ గొడవ లేదు. 2005లో సోలారిస్ 10తో వచ్చిన డీట్రేస్‌లో బ్రయన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడం లెవెంథాల్ చేసింది ఇదే. అందుకే కొత్తవాళ్లు "అన్నీ ప్రింట్ చేద్దాం సార్" అంటే నేను ఒప్పుకోను. ఏం తెలుసుకోవాలో ముందు చెప్పమంటాను. రీడ్‌కు ఎంతసేపు పడుతోందో తెలియడానికి ఒక హిస్టోగ్రామ్ చాలు, కోటి లైన్లు అక్కర్లేదు.

వేగం సరిపోయినా ఇంకో చిక్కుంది. ఫంక్షన్ తిరిగొచ్చే క్షణాన్ని పట్టే ప్రోబ్‌కు ముందే కొన్ని స్లాట్లు కేటాయిస్తారు. లోపలున్నంతసేపూ ఒక్కో కాల్ ఒక్కో స్లాట్‌ను పట్టుకునే ఉంటుంది. ఎన్ని స్లాట్లో మనం చెప్పకపోతే 10, లేదా సీపీయూలకు రెట్టింపు, ఏది ఎక్కువైతే అది. ఎనిమిది సీపీయూలైతే 16. డేటా కోసం 200 థ్రెడ్లు ఆ ఫంక్షన్‌లోనే నిద్రపోతుంటే పదిహేడో కాల్ నుంచి లెక్కలోకే రావు. ఎర్రర్ రాదు, గ్రాఫ్ మాత్రం చక్కగా ఉంటుంది. రద్దీ పెరిగినప్పుడే ఇలా జారిపోతాయి, మనం చూడాలనుకున్నదేమో ఆ రద్దీనే.

ట్రేసింగ్ డైరెక్టరీలో కేప్రోబ్ ప్రొఫైల్ అనే ఫైల్ ఉంది. ప్రతి ప్రోబ్ పక్కనా రెండు అంకెలు: ఎన్నిసార్లు తగిలింది, ఎన్నిసార్లు తప్పింది. మా టీమ్‌లో ఎవరు గ్రాఫ్ తెచ్చినా ముందు ఆ రెండో అంకె అడుగుతాను.