సర్కారా, ప్రైవేటా? కొండ మీద నుంచి ఒక లెక్క

2025 సెప్టెంబరు నుంచి పార్వతీపురం పేరు పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. మన వార్తలకు అక్కడ చోటు పెరిగిందని కాదు. మొదలుపెట్టి పూర్తికాని పది ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో, అంటే పీపీపీ పద్ధతిలో, నడిపించాలని రాష్ట్ర మంత్రివర్గం ఆ నెలలో నిర్ణయించింది. ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల మొదటి విడత. పెనుకొండ, పాలకొల్లు, అమలాపురం, నర్సీపట్నం, బాపట్లతో పాటు మన పార్వతీపురం రెండో విడత. అప్పటినుంచి సభలు, సంతకాల సేకరణ, టీవీ చర్చలు. వైద్యం సర్కారు చేతిలో ఉండాలా, ప్రైవేటు చేతిలో ఉండాలా అన్న పాత పేచీ మళ్ళీ రోడ్డెక్కింది.

రెండు పక్షాల మాటలూ శ్రద్ధగానే చదివాను. ప్రభుత్వం అనేది ఇది: సొంత డబ్బుతో కట్టాలంటే ఏళ్ళు పడుతుంది, ప్రైవేటువాళ్ళయితే త్వరగా కడతారు, భూమి మాత్రం మనదే, లీజు మాత్రమే ఇస్తున్నాం, ఓపీ ఉచితం, మంచాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ పథకం రోగులకే. ఎదుటివాళ్ళు అనేది ఇది: జనం ఆస్తిని కట్టబెడుతున్నారు, సీట్లు అమ్ముకుంటారు, పేదవాడు గేటు బయటే ఉండిపోతాడు. రెండు పక్షాలూ మాట్లాడేది భవనం గురించి, సీటు గురించి, మంచం గురించి. అంటే ఆస్పత్రి గుమ్మం దాకా వచ్చేసిన రోగి గురించి. గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట, సీతంపేట కొండల్లో మన కథ గుమ్మానికి చాలా ముందే మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే ముగిసిపోతుంది కూడా.

నా మాట ముందే చెప్పేస్తాను. పార్వతీపురం కళాశాల ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. కాని సభల్లో చెప్పే కారణాలు నాకు చాలవు. సర్కారు మంచిది, ప్రైవేటు చెడ్డది అని మన పిల్లలకు పాఠం చెబితే, వాళ్ళు మరుసటి రోజే తాళం వేసిన సబ్‌సెంటరు చూసి మన ముఖం వంక చూస్తారు.

మన దగ్గర ప్రైవేటు వైద్యం అంటే ఏమిటో ముందు చూడాలి. కార్పొరేట్ ఆస్పత్రి కాదు. సంచి తగిలించుకుని బండి మీద వచ్చే ఆర్ఎంపీ, సంతలో మందుల కొట్టు, టౌనులో నర్సింగ్ హోం. ప్రైవేటు ఆస్పత్రులను అదుపులో పెట్టడానికి మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ ఉండాలి, జిల్లా అధికారులు తనిఖీ చేయాలి అని అందులో ఉంది. ఆ చట్టం నర్సింగ్ హోం దాకా ఎంతోకొంత వెళ్తుంది. ఆర్ఎంపీ ఆ రిజిస్టరులో ఉండడు. కొండ మీదకు వచ్చేసరికి నియంత్రణ అన్న మాటకు పట్టుకోవడానికి చెయ్యే దొరకదు.

మనవాళ్ళు తెలియక ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారని టౌనువాళ్ళు అనుకుంటారు. అది తప్పు. లెక్క వేసుకునే వెళ్తారు. జీపు కిరాయి ఎంత, పోయే కూలి ఎంత, తీరా వెళ్ళాక డాక్టరు బాబు ఉంటాడా లేడా. ఈ మూడూ కూడితే ఆర్ఎంపీ సూది చవక. పైగా అతను రాత్రి కూడా వస్తాడు. చేతిలో డబ్బు లేకపోతే పద్దు రాసుకుంటాడు, చింతపండో, జీడో, కొండచీపుర్లో అమ్మాక తీసుకుంటాడు. అక్కడే మనకు పాత మనిషి ఒకడు గుర్తుకు రావాలి. ఇదే కొండల్లో తూకం, ధర, పద్దు మూడూ తన చేతిలోనే పెట్టుకున్న షావుకారు. ఆ షావుకారు నుంచి తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, మన జీసీసీ, పుట్టింది. అప్పట్లో ప్రభుత్వం షావుకారుకు నీతులు చెప్పి ఊరుకోలేదు. ఎదురుగా తన కాటా పెట్టింది. ఆ కాటా అన్ని సంతల్లో సరిగ్గా పనిచేసిందని నేను అనను. కాని ఎదురు కాటా ఉన్న సంతలో షావుకారు నాలుక ఒకలాగా, లేని సంతలో మరొకలాగా ఉంటుందని మన పెద్దవాళ్ళకు బాగా తెలుసు.

వైద్యంలో ప్రభుత్వం దీనికి సరిగ్గా తిరగేసి చేసింది. కాటా పెట్టడం మాని, షావుకారు దగ్గర కొనడం మొదలుపెట్టింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. మిగతా రెండు అనంతపురం, మహబూబ్‌నగర్. ఆ పథకాన్ని తేలిగ్గా తీసిపారేసే మాటలు నాకు నచ్చవు. గుండెకు రంధ్రం ఉన్న పిల్ల ఆపరేషన్ చేయించుకుని బడికి తిరిగి వస్తే, ఆ తల్లి ముందు నిలబడి విధానాల మీద ఉపన్యాసం ఇవ్వలేం. కాని ఆ పథకం జాబితాలో ఏముంది? ఎక్కువగా ఆపరేషన్లు, పెద్ద జబ్బులు. కొండల్లో మనుషుల్ని తీసుకుపోయేవి ఏవి? మలేరియా జ్వరం, రక్తహీనత, వాంతులు విరేచనాలు, క్షయ, సికిల్ సెల్, కాన్పు. వీటిలో చాలావాటికి కావలసింది దగ్గరలో ఒక నర్సు, రక్తపరీక్ష, సకాలంలో మాత్ర. వీటికి పెద్ద బిల్లు రాదు, బిల్లు రానిచోటికి కొనేవాడి డబ్బు రాదు. 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుగ్న, ఆర్. శ్రీవత్సన్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆరోగ్యశ్రీ మీద రాసిన వ్యాసం శీర్షికలోనే ఈ నమూనా ప్రైవేటు రంగానికి లాభమని తేల్చి చెప్పింది. ఉపాధ్యాయ మిత్రులు వీలైతే దాన్ని వెతికి చదవాలి.

ఇంకో చిక్కు ఉంది, దాని గురించి చర్చల్లో ఎవరూ మాట్లాడరు. 2025 అక్టోబరులో బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం ఆపేశాయి. ఇలా ఆపడం అదే మొదటిసారి కాదు. ప్రభుత్వాలు మారాయి, పథకం పేరు మారింది, బకాయి మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు ఆలోచించండి. ప్రైవేటు ఆస్పత్రిని తనిఖీ చేయవలసింది ప్రభుత్వం. అదే ఆస్పత్రికి బాకీ ఉన్నదీ ప్రభుత్వమే. బాకీ ఉన్నవాడు షావుకారు ముందు నిలబడి నీ తూకం చూపించు అని అడగగలడా? బాకీ తీరేదాకా గొంతు పైకి లేవదు. పీపీపీ ఒప్పందంలో షరతులు ఎంత బాగా రాసినా, అడిగేవాడు రోగుల బిల్లులు సకాలంలో కట్టలేని స్థితిలో ఉంటే ఆ షరతులు కాగితం మీదే ఉంటాయి.

108 సంగతి కూడా ఇలాంటిదే, కాని దానిలో మనకు పనికివచ్చే పాఠం ఇంకొంచెం ఎక్కువ. 2005లో సత్యం కంపెనీ యాజమాన్యం స్థాపించిన ఈఎంఆర్ఐ సంస్థ ఆ సేవ మొదలుపెట్టింది. 2009లో సత్యం కుప్పకూలాక జీవీకే చేతికి వచ్చింది, తర్వాత మరో సంస్థ, 2020లో అరబిందో. నడిపేవాళ్ళు మారినా బండి ఆగలేదు, ఎందుకంటే ఆయిలు డబ్బులో పెద్ద భాగం ప్రభుత్వానిదే. పట్టణంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30 నిమిషాల్లో బండి చేరాలని లెక్క పెట్టారు. మంచి షరతే. కాని చేరడం అంటే ఎక్కడికి చేరడం? రోడ్డు ఆగినచోటికి. అక్కడినుంచి గూడ దాకా ఉన్న దూరం ఏ ఒప్పందంలోనూ లేదు. ఆ దూరాన్ని డోలీ కట్టి మోసేది మన కుర్రాళ్ళు. వాళ్ళకు కిరాయి లేదు, వాళ్ళ నిమిషాలు ఎవరూ లెక్కపెట్టరు. బైకు అంబులెన్సులు కొంతవరకు ఈ ఖాళీని పూడ్చాయి. సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో గర్భిణుల కోసం ఐటీడీఏ నడిపిన వసతి గృహాలు అంతకంటే మంచి ఆలోచన: నెలలు నిండకముందే తల్లిని కిందకు తెచ్చి, తిండి పెట్టి, ఆస్పత్రి పక్కన ఉంచడం. ఇందులో లాభం ఏమీ లేదు. ఏ టెండరులోనూ దీన్ని ఎవరూ అడిగి తీసుకోరు.

ఇప్పుడు సర్కారు వంతు. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు పాకాయి. పదుల సంఖ్యలో పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. ఇద్దరు పిల్లలు తిరిగి రాలేదు. అక్కడ ప్రైవేటువాడు ఎవరూ లేడు. బడి ప్రభుత్వానిది, నీళ్ళు ప్రభుత్వానివి, వార్డెను ప్రభుత్వ ఉద్యోగి. చాలామంది పిల్లలను పార్వతీపురం దాటించి విశాఖ కేజీహెచ్ దాకా పంపవలసి వచ్చింది. ఆశ్రమ పాఠశాలల్లో ఏఎన్ఎంలను పెట్టమని విద్యార్థి సంఘాలు ఎంతకాలంగా అడుగుతున్నాయో ఈ పుస్తకం చదివే టీచర్లకు నేను చెప్పనక్కరలేదు. అందుకే ప్రైవేటును నియంత్రించాలి అన్న నినాదం నాకు సగమే అనిపిస్తుంది. ముందు నియంత్రణ కావలసింది ప్రభుత్వ వైద్యానికే.

కళాశాలల విషయంలో కూడా అంతే. 2023 సెప్టెంబరు 15న విజయనగరంలో ముఖ్యమంత్రి అయిదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రారంభించారు. అందులో విజయనగరం కళాశాల ఒకటి, 150 సీట్లు. అందరం సంతోషించాం. కాని అంతకు రెండు నెలల ముందే 107, 108 నంబర్ల జీవోలు వచ్చాయి. రాష్ట్ర కోటా సీట్లలో సగం మాత్రమే ఏడాదికి 15 వేల ఫీజు మీద. 35 శాతం 12 లక్షలకు, 15 శాతం ఎన్ఆర్ఐల పేరుతో 20 లక్షలకు. సుమారుగా లెక్క వేయండి. 150లో అఖిల భారత కోటా పోతే 127 మిగులుతాయి. అన్నిటికీ రిజర్వేషన్ ఉంటే 6 శాతం చొప్పున ఎస్టీ పిల్లలకు ఏడో ఎనిమిదో వస్తాయి. సగానికే అయితే నాలుగు దగ్గర ఆగిపోతాయి. బోర్డు మీద ప్రభుత్వ కళాశాల, లోపల సగం దుకాణం. ఆ జీవోలు రద్దు చేస్తామని ఎన్నికల ముందు మాట ఇచ్చినవాళ్ళు ఇప్పుడు పీపీపీ అంటున్నారు. ఆ జీవోలు తెచ్చినవాళ్ళు ఇప్పుడు ప్రైవేటీకరణ మీద పోరాటం అంటున్నారు. మన యువకులు ఏ జెండా వెనుక నడిచినా, ఈ రెండు సంగతులూ జేబులో పెట్టుకుని నడవాలి.

ఇంత చెప్పాక కూడా కళాశాల సర్కారు చేతిలోనే ఉండాలని ఎందుకంటున్నానంటే, సర్కారు తప్పును పట్టుకోవడానికి మన చేతిలో కొన్ని తాళ్ళు ఉన్నాయి. పీహెచ్‌సీలో ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు అని 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం రాసి అడగవచ్చు. 1996 పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ సామాజిక రంగాల సంస్థలను, ఉద్యోగులను ప్రశ్నించవచ్చు. ఐటీడీఏ గేటు ముందు కూర్చోవచ్చు. ఓటు ఉంది. ఒప్పందం మీద నడిచే సంస్థ జవాబు చెప్పవలసింది ఒప్పందం మీద సంతకం పెట్టిన రెండోవాడికి. ఆ రెండోవాడు మనం కాదు. మనం ఆ కాగితంలో రోగుల సంఖ్యగా మాత్రమే ఉంటాం.

రెండోది ఇంకా ముఖ్యం. కళాశాల అంటే మంచాలు మాత్రమే కాదు, డాక్టర్లు తయారయ్యే చోటు. మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అయితే, కొండ ప్రాంతంలో 20 వేల మందికి ఒకటి ఉండాలన్నది దేశమంతటి ప్రమాణం. తలల లెక్క తగ్గించారు సరే, అక్కడ రాత్రి పడుకునే డాక్టరు ఎక్కడినుంచి వస్తాడు? ఏడాదికి 12 లక్షలు కట్టి చదివినవాడు భామిని మండలంలో ఉంటాడని ఆశించడం అత్యాశ. అతని తప్పు కూడా కాదు, అప్పు తీర్చుకోవాలి కదా. సవర మాటలోనో, జాతాపు ఇళ్ళ మాటలోనో రోగి చెప్పేది అర్థమయ్యే డాక్టరు కావాలంటే, ఆ ఇళ్ళనుంచి వచ్చిన పిల్ల 15 వేల ఫీజుతో చదవాలి. వైద్య విద్యార్థి ఊళ్ళో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడవునా చూడాలని జాతీయ వైద్య కమిషన్ నియమం ఉంది. పార్వతీపురం కళాశాలలో ఆ కుటుంబాలు బైపాసు పక్క ఊళ్ళో ఉంటాయా, కొమరాడ కొండ మీద ఉంటాయా అన్నది నడిపేవాడి మీద ఆధారపడుతుంది. దగ్గర ఊరు చూపించినా నియమం నెరవేరినట్టే.

ఒకవేళ ప్రభుత్వం వినకుండా టెండరుకే వెళ్తే, అప్పుడు కూడా ఊరికే చేతులు ముడుచుకోనక్కరలేదు. ఒప్పందం మొత్తం తెలుగులో బయటపెట్టమని అడగాలి. ఎస్టీ సీట్లు మొత్తం సీట్లలో ఎన్ని, ఏ ఫీజు మీద అని అడగాలి. పథకం కార్డు లేని రోగిని రాత్రిపూట ఏం చేస్తారు, గర్భిణుల వసతి గృహం ఎవరు నడుపుతారు, శవాన్ని కొండకు చేర్చే బండి ఎవరిది, బకాయి పేరుతో వైద్యం ఆపితే శిక్ష ఏమిటి. ఇవన్నీ షరతులుగా రాయించవచ్చు. హైస్కూలు పిల్లలచేత కూడా చేయించగల పని ఒకటుంది: తమ పీహెచ్‌సీలో మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్ళు, రాత్రి అక్కడే ఉంటున్నవాళ్ళు అని మూడు వరుసల పట్టిక రాయించడం. మూడో వరుస ఏ నివేదికలోనూ దొరకదు, పిల్లలకు మాత్రం తెలుసు. ఆ పట్టిక పట్టుకుని టెండరు పత్రం తెరిచి, అందులో గిరిజన అన్న మాట ఎన్నిసార్లు ఉందో, ఏ షరతు పక్కన ఉందో వెతకాలి.