మంచును ఏరే పనితనం
ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో తీసిన ప్రోటీన్ స్ఫటికాల ఎక్స్-రే వివర్తన చిత్రాలను రాయ్‌పూర్‌లో కూర్చుని కూడా ప్రాసెస్ చేయొచ్చు. ఆ పనిలో అసలు నేర్పు మంచు దగ్గరే బయటపడుతుంది. స్ఫటికాన్ని 100 కెల్విన్‌కు చల్లబరిచేటప్పుడు చుట్టూ ఉన్న నీరు గాజులా బిగుసుకోకుండా మంచు పలుకులుగా మారితే, చిత్రం మీద 3.90, 3.67, 3.44 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర నల్లటి వలయాలు పడతాయి. ప్రోటీన్ స్ఫటికం వల్ల ఏర్పడే చుక్క వాటి మీద పడిందా, దాని తీవ్రతలో మంచు వాటా కలిసిపోయినట్టే.

వలయం మొత్తాన్ని కోసేస్తే పోలా అనొచ్చు. చిత్రాలను ప్రాసెస్ చేసే ఎక్స్‌డీఎస్ ప్రోగ్రామ్‌లో 3.93 నుంచి 3.87 వరకు వదిలేయమని ఒక్క వరుస రాస్తే ఆ పట్టీ పోతుంది. దానితోపాటు మంచి చుక్కలూ పోతాయి, ఎలక్ట్రాన్ సాంద్రత పటం ఆ మేరకు దెబ్బతింటుంది. అందుకే పని తెలిసినవాళ్లు ముందు తీవ్రతలను చూపే ఆస్పెక్స్ గ్రాఫు చూస్తారు. తీవ్రతలు అసహజంగా ఎగసిన చోటే, వీలైనంత సన్నగా కోస్తారు. వలయం పలచగా, నునుపుగా ఉంటే చుక్క చుట్టూ ఉన్న నేపథ్యాన్ని లెక్కగట్టి తీసేస్తే చాలు. ఈ ఓపిక నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది. మరి ఇది నచ్చని డేటాను దాచేయడం కాదా? కాదు. వలయాలు ఎక్కడ పడాలో నిర్ణయించేది మంచు స్ఫటిక నిర్మాణమే, పరిశోధకుల కోరిక కాదు. తీసేసిన పట్టీల హద్దులు రాసిపెట్టి, ముడి చిత్రాలు భద్రపరిస్తే ఎవరైనా మళ్లీ సరిచూసుకోవచ్చు.