ఎర్ర ఆయిల్, ఓపికున్న చేతులు

ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, 65వ నంబరు జాతీయ రహదారి కలుస్తాయి. కంపెనీ బస్సులు, లారీల నడుమ ఆగుతూ కదిలే ఆటోమేటిక్ కారులో గేర్‌బాక్స్ వేడిని భరించేది దాని ఆయిలే. దాన్ని ఇంటి ముందే మార్చుకునేవాళ్లంటే నాకు గౌరవం.

పని తెలిసినవాడు ముందు నింపే బోల్టు వదులు చేసి చూస్తాడు. అది ఊడిరాకపోతే కింది బోల్టు జోలికే పోడు. ఖాళీ చేశాక నింపే దారి లేకపోతే కారు కదలదు మరి. కొత్తప్పుడు ఎర్రగా ఉన్న ఆయిల్ నల్లబడి దిగుతుంది. వేళ్ల మధ్య రుద్ది, మాడు వాసన ఉందేమో చూస్తాడు. పాన్‌లోని అయస్కాంతానికి అంటిన మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదలే. లోహపు ముక్కలు కనబడితే మాత్రం మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

దిగినదాన్ని కొలిచి, కంపెనీ చెప్పిన రకమే, అంతే పోస్తాడు. టార్క్ కన్వర్టర్‌లో పాతది చాలా మిగులుతుంది కనుక కొన్నాళ్లకు మళ్లీ మారుస్తాడు. ఆ ఓపికే నాకు నచ్చేది.

ఇక్కడి నక్కవాగు ఫ్యాక్టరీల మురుగును ఏళ్లుగా మోసింది. అందుకే పాత ఆయిల్‌ను మోరీలో పోయకుండా డబ్బాకెత్తి, వాడిన ఆయిల్ తీసుకునేవాళ్లకు అప్పగించే మనిషంటే నాకు ఇంకా ఇష్టం.