కాటన్ ఈగలు, పెద్దబాపు ఎర్రలు

వాల్టన్ రాసిన ‘ది కంప్లీట్ ఆంగ్లర్’కు 1676లో రెండో భాగం చేర్చింది చార్లెస్ కాటన్ (మన గోదావరి కాటన్ కాదు). ట్రౌట్, గ్రేలింగ్ చేపల వేట. గ్రేలింగ్‌కు చలికాలమే అదును. జనవరి మొదలు ఏ నెలకు ఏ ఉత్తుత్తి ఈగ కట్టాలో వరుసపెట్టి చెప్తాడు. డాక్యుమెంటేషన్ అంటే ఇట్లుండాలె! కానీ చేప పడకపోతే కూర ఉండదన్న బెంగ ఈ పుస్తకంలో లేదు.

బయ్యారం చెరువు కట్ట మీద, డిసెంబరు పొద్దున, మా పెద్దబాపు ఎర్ర గుచ్చి కూసునేటోడు. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చిన చోటే గాలం వేసేటోడు. పడకపోతే పచ్చిపులుసే. కాటన్ ముడులు నాకిప్పుడు తెలుసు. పెద్దబాపు ముడి అడగలేదు, అడుగుదామంటే ఆయన లేడు.