అతుకు కనబడని రేకు

కలకత్తాకు చేరువనున్న ఉత్తరపాడలో, హిందుస్థాన్ మోటార్స్ వారి కర్మాగారమున, ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాగా రూపొంది, 1950 దశాబ్దపు చివర మొదలుకొని 2014వ సంవత్సరము వరకు ఇంచుమించు ఒకే ఆకృతితో మన రహదారులపై తిరిగిన అంబాసడరు కారును ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. కలెక్టరు కచేరి ముందర, పెండ్లివారి విడిది వాకిట, రైలు స్టేషను బయట టాక్సీల వరుసలో అది దశాబ్దములపాటు నిలిచినది. నేడును దానిని మక్కువతో కాపాడుకొనువారు మన నగరములలో కొందరు కలరు. ఇంజను అరిగినచో బోరు చేయించి పిస్టన్లు మార్చవచ్చును. గేరుబాక్సు పాడైనచో మరియొకటి వెదకి తేవచ్చును. బాడీ రేకు తుప్పుపట్టిన కారును బ్రతికించు విద్య మాత్రము వేరు. మన షెడ్డులలో టింకరింగు అని పిలువబడు ఆ విద్యకు, దానిని జీవితాంతము సాధనచేసిన మేస్త్రీలకు, దక్కవలసిన మన్నన దక్కలేదని నా దృఢాభిప్రాయము.

లారీకి చాసిస్ వేరు, పైనున్న బాడీ వేరు. అంబాసడరు అట్లు కాదు. నేల రేకు, తలుపుల క్రింద పొడవునా పెట్టెవలె సాగు సిల్లు, తలుపులను మోయు స్తంభములు, పైకప్పు, వీనినన్నింటిని ఒక్కటిగా అతికి, ఆ దేహమే బరువు మోయునట్లు దానిని నిర్మించిరి. కావున సిల్లు తుప్పుపట్టినదనగా కారు వెన్నెముక పుచ్చినదని అర్థము. చక్రములు చిమ్మిన బురద సిల్లు అడుగునగల నీటి రంధ్రములను మూసివేయగా, లోనికి చేరిన తేమ వెలికిపోవు దారి లేక, పైన రంగు చెక్కుచెదరకుండగనే రేకును లోపలినుండి తినివేయును. విశాఖపట్నము, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఈ క్షయమును మరింత త్వరపరచును. పైన రూపాయి బిళ్లంత పొక్కు కనబడినచోట లోన అరచేతంత రేకు పొడియై యుండుట నేను పలుమార్లు చూచితిని.

తుప్పు తిన్నంత మేర కోసివేయుట మొదటి పని. ధైర్యము మిక్కిలిగా కావలసిన పనియు అదియే. స్క్రూడ్రైవరు మొనతో పొడిచినను దిగబడని గట్టి రేకు తగులువరకు కోత ఆగరాదు. ఏలయన, పలుచబడిన అంచునకు మంట సోకగానే అది కరగి రంధ్రమై, అతుకవలసిన చోటు వెనుకకు వెనుకకు జరుగుచునే యుండును. సిల్లును కోయుటకు ముందు తలుపు సందున ఈ మూలనుండి ఆ మూలకు ఇనుప గొట్టములు అడ్డముగా అతికి, కారు వంగకుండ బిగించవలెను. ఈ జాగ్రత్త లేక రెండు సిల్లులను ఒకే దినమున కోసి జాకీలపై నిలిపిన కారొకటి నేనెరుగుదును. కొత్త సిల్లులు అతికిరి, రంగు వేసిరి. కాని దాని వెనుక తలుపులు మరెన్నడును సరిగా మూతపడలేదు. తలుపులు తగిలించియే యుంచి, మాటిమాటికి మూసి సందులు చూచుకొనుచు అతుకుట ఎరిగినవాని పద్ధతి.

కర్మాగారమున రెండు రేకుల అంచులను రాగి మొనల నడుమ నొక్కి, క్షణమాత్రము విద్యుత్తు పంపి, చుక్కలు చుక్కలుగా అతుకుదురు. ఈ స్పాట్ వెల్డింగున వేరు లోహమేదియు చేరదు. రేకులే తమ నడుమ పుట్టిన వేడిమికి కరగి ఏకమగును. పాత రేకును ఊడదీయువాడు ఆ చుక్కలను ఒక్కొక్కటిగా గుర్తించి, పై రేకు మాత్రమే తెగునట్లు డ్రిల్లుతో తొలిచి, అడుగు రేకును కాపాడుకొనవలెను. తిరిగి అతుకునపుడు స్పాట్ యంత్రపు చేతులు చొరని తావులందు కొత్త రేకున 6 నుండి 8 మిల్లీమీటర్ల రంధ్రములు చేసి, అడుగు రేకును కరగించుచు వానిని నింపుదురు. అడుగు రేకు నిజముగా కరగి కలిసినదా లేదా అనుటయే ఇచ్చట పరీక్ష. పైన బొట్టువలె కూర్చున్న లోహము కంటికి ఇంపుగా నుండినను ఒక్క కుదుపునకు ఊడివచ్చును.

అంచులు మరుగున నుండుచోట పని ఇంతే. ఫెండరు నడుమనో, తలుపు అడుగుననో, వెలుగు పడి మెరయు వంపుపై అతుకవలసి వచ్చినపుడు పనివాని ప్రజ్ఞ తెలియును. రేకుపై రేకు కప్పి మాటు వేయుట సులభమే గాని, ఆ రెండు పొరల నడుమ తేమ నిలిచి తుప్పు మరల తలయెత్తును. అందుచే అంచుకు అంచు చేర్చి అతుకుట ఉత్తమము. మిల్లీమీటరుకు అటునిటుగా మందముగల ఆ రేకు మంట తగిలినచోట వ్యాకోచింపజూచును. చుట్టునున్న చల్లని రేకు దానిని కదలనీయదు. సాగుటకు చోటు లేక అది తనలో తానే నలిగి మందమై, చల్లారునపుడు మునుపటికంటె పొట్టిదగును. ఆ బిగింపునకు పక్క రేకంతయు అలలు తేరును. రేకు కరగించుట పదినాళ్లలో పట్టుబడును. ఈ అలలను అణచుటకు ఏండ్లు పట్టును.

మన పాత మేస్త్రీలు కార్బైడు రాళ్లను నీటితో కలిపి డబ్బాలోనే ఎసిటిలీను వాయువు పుట్టించుకొని, దానికి ఆక్సిజను జోడించి, 3,000 డిగ్రీలకు మించిన జ్వాలతో, 1,500 డిగ్రీల చెంత కరగు ఉక్కును అతికిరి. ఆక్సిజను మిక్కిలియైనచో లోహము మాడును. ఎసిటిలీను మిక్కిలియైనచో అతుకు పెళుసగును. జ్వాల నడుమనున్న చిన్న శంకువు తేటగా, అంచు చెదరక నిలిచినపుడే ఆ రెండును సమపాళ్లలో నున్నవని వారు కంటితోనే తెలిసికొందురు. గ్యాసు వేడి చుట్టునకు బహుదూరము ప్రాకునన్నది నిజము. ఐనను ఆ అతుకు మెత్తగా నుండును. అడుగున డాలీ అను ఇనుప దిమ్మెను ఒత్తి పట్టి పైన సుత్తితో మెల్లగా తట్టినచో, కుదించుకొనిపోయిన లోహము మరల సాగి రేకు తన వంపునకు తాను వచ్చును. గ్యాసు వెల్డింగును కాలము చెల్లినదని త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపలేను.

ఇప్పుడు షెడ్డులలో మిగ్ యంత్రములు వచ్చినవి. ఆర్గాను, కార్బన్ డయాక్సైడుల మిశ్రమము కాపుండగా 0.6 మిల్లీమీటర్ల సన్నని తీగ తానే వచ్చి కరగును. వేడి తక్కువ మేర ప్రాకును. ఐనను గీతవలె ఏకబిగిని లాగరాదు. అంగుళమున కొకటి చొప్పున చుక్కలు వేసి, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటిగా మార్చుచు, చేయి సోకనిచ్చునంతగా చల్లారిన పిదపనే నడుమ ఖాళీలు నింపవలెను. మిగ్ అతుకు కఠినము. సుత్తికి అంతగా లొంగదు. గ్రైండరుతో చదును చేయవలసినదే. అక్కడను తొందరపడినచో రేకు పలుచబడును. టంగ్‌స్టన్ మొనతో చేయు టిగ్ వెల్డింగున మిగ్‌లోని అదుపు, గ్యాసులోని మెత్తదనము రెండును కలవు గాని, అది నిదానమైన పని. రేకు అద్దమువలె శుభ్రముగా నుండవలెను.

ఇత్తడితో అతుకుట తక్కువ వేడిలో జరుగును. ఐనను ఒకసారి ఇత్తడి పట్టిన చోట ఆ పిమ్మట ఉక్కు వెల్డింగు కుదరదు. మిగిలిన సన్నని లోపములను పూర్వము సీసము, తగరము కలిసిన లోహముతో చెక్కగరిటె సాయమున నింపెడివారు. నేడు పుట్టీ ఆ పని చేయుచున్నది. పలుచని పూతగా నున్నంతవరకు పుట్టీని తప్పుపట్టను. అతుకు చేతగాక వ్రేలి మందమున మెత్తుట మాత్రము యజమానిని వంచించుటయే. అతుకు ముగిసిన పిదప సిల్లు లోనికి మైనపు పూత చిమ్మి, నీటి రంధ్రములు తెరచి యుంచకున్నచో, ఎంత నేర్పుతో అతికినను తుప్పు అచ్చటనే మరల మొదలగును.

మీ ఇంటి పాత కారును షెడ్డునకు అప్పగించినచో, రంగు పడుటకు ముందొక దినము పోయి చూడుడు. పుట్టీ పూయని రేకును చూపుమని మేస్త్రీని అడుగుడు. అతుకు వెనుక వైపున చేతితో తడవిచూడుడు. ఆ వైపునను లోహము కరగి కలిసిన వరుస వ్రేళ్లకు తగిలినచో, ఆయన అడిగిన కూలి బేరమాడక ఇచ్చివేయుడు.