ఏజెన్సీ అనే మాట

పెదబయలు, విశాఖ ఏజెన్సీ. ఒక్కసారి పైకి చదివి చూడండి. మొదటి ముక్క మన పాత తెలుగు. కొండల నడుమ ఉన్నట్టుండి చదునుగా పరుచుకున్న నేలను కళ్లకు కడుతుంది. తత్త్వాలు పాడేవాళ్లకు బయలంటే పరబ్రహ్మం. ఇక్కడి రైతుకు నాగలి దిగే చోటు. రెండో ముక్క ఓడ దిగి వచ్చిన కచేరీ మాట. జాతకాలు చూస్తే ఈ రెంటికీ పొంతన కుదరకూడదు. చెవికి మాత్రం దివ్యంగా కుదిరింది.

ఆ కచేరీ మాట పుట్టుక ఏమంత రసవత్తరం కాదు. 1830లలో గంజాం, విశాఖ జిల్లాల జమీందారీలు తిరుగుబాట్లతో అట్టుడికాయి. వాటిని చక్కదిద్దమని మద్రాసు ప్రభుత్వం జార్జి రస్సెల్ అనే అధికారిని పంపింది. ఆ తర్వాత 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. మామూలు కోర్టులు ఇక్కడ చెల్లవు, కలెక్టరే గవర్నరు గారి ఏజెంటు, సివిలూ క్రిమినలూ ఆయన చేతిలోనే. ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ. గుండుసూది మొనంత కవిత్వం కూడా లేని పేరు. ఇంగ్లిషు పటాల మీద 'వైజాగపటం ఏజెన్సీ' అయింది.

ఆ జంటలో మొదటి మాట ఏమైందో చూడండి. దంతపు నగిషీ పెట్టెలకు 'వైజాగపటం పనితనం' అన్న పేరు మ్యూజియం అద్దాల వెనకా, పాత వస్తువుల వేలంపాటల జాబితాల్లోనూ ఉండిపోయింది. ఊళ్లో ఆ పేరు పలికే నోరు లేదు. ఏజెన్సీ మాత్రం పాడేరు బస్సెక్కి తిరుగుతూనే ఉంది.

నన్నడిగితే అందుకు కారణం దాని నాదం. ఇంగ్లిషువాడు మొదటి అక్షరం మీద బరువంతా వేసి మిగతాది నమిలి వదిలేస్తాడు. మనం 'ఏ' అని దీర్ఘం తీసి, 'జె' దగ్గర మలుపు తిరిగి, 'న్సీ' అని మళ్లీ దీర్ఘంలో తేలతాం, పాడేరు ఘాటీ ఎక్కే బస్సు గేరు మార్చుకున్నట్టు. చివరి ఈకారం మీద విభక్తులు కూడా హాయిగా కూర్చుంటాయి: ఏజెన్సీలో, ఏజెన్సీకి, ఏజెన్సీ నుంచి. మన్యం అన్న మాట అంతకంటే పాతది, అందమైనది, కావ్యానికి తగినది. కానీ బస్టాండులో ఎవడైనా "మన్యానికి వెళ్తున్నా" అంటే కాస్త నాటకంలా ఉంటుంది.

ఇక ఈ మాటలోని రసాలు. తొలినాళ్లలో ఇది భయానకం. కింది ఊళ్ల గుమాస్తాకు ఏజెన్సీకి బదిలీ అంటే మన్యపు జ్వరం, చలి, క్వినైను. ఇంట్లో ఏడుపులు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది; ఆ తర్వాత రెండేళ్లు ఏజెన్సీ అంటే వీరం. తెల్లవాడు తన పటం మీద రాసుకున్న మాట అతన్నే నిద్రపోనివ్వలేదు. ఇటీవల అద్భుతం చేరింది: కార్తీకంలో పచ్చగా విరిసే వలిసె పూలు, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియపు తీగ, డిసెంబరులో ఏజెన్సీని వణికిస్తున్న చలి అంటూ పత్రికల వార్తలు. ఈ పర్యాటకపు అద్భుతం వీటన్నిటిలో పలచనిదని నా అభిప్రాయం. చలికోటుతో వచ్చి ఆదివారం సాయంత్రానికి దిగిపోతుంది.

అన్నిటికన్నా చిక్కనిది కరుణ. ఒక పొడవాటి కర్ర, దానికి రెండు కొసలా బిగించిన దుప్పటి, అందులో ముడుచుకుని నెలలు నిండిన మనిషి, ముందొకరు వెనకొకరు భుజం మార్చుకుంటూ రాళ్ల దారిలో దిగడం. డోలీ మోత. పెదబయలు మండలంలోని లోతట్టు గ్రామాలవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. ఏజెన్సీ అన్న మాట మూడు అక్షరాల్లో ఈ డోలీనీ ఆ వలిసె పూలనూ కలిపి మోస్తుంది. అందుకే దాన్ని ఉత్త పరిపాలనా పదంగా చదవలేను.

చుట్టుపక్కల పేర్ల మధ్య కూడా అది పరాయిగా అనిపించదు. ముంచింగిపుట్టులో, డుంబ్రిగుడలో కొండల అవతలి ఒడియా గాలి. హుకుంపేటలో ఎప్పటిదో ఒక హుకుం. ఇన్ని భాషలు కలిసి కాపురం చేసే చోట ఒక ఇంగ్లిషు మాటకు చోటు దొరకడం వింతేమీ కాదు.

సర్కారు మాత్రం పేర్లు మారుస్తూనే వచ్చింది. 1935 భారత ప్రభుత్వ చట్టంలో 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతం'. 1936లో జయపురం సంస్థానం ఒడిశాకు పోయి ఏజెన్సీలో పెద్ద ముక్కే తెగిపోయింది. రాజ్యాంగం వచ్చాక అయిదో షెడ్యూలు ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పెదబయలు ఇప్పుడు విశాఖ జిల్లాలో లేదు. అయినా మాటల్లో 'విశాఖ ఏజెన్సీ' చెక్కుచెదరలేదు. అసలు ఏజెంటు కూడా పూర్తిగా పోలేదు: గిరిజన ప్రాంతపు భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కింద తగాదా అప్పీలుకు వెళితే, కాగితం మీద కలెక్టరు గారి హోదా ఈనాటికీ 'ఏజెంట్ టు గవర్నమెంట్'.