గాలికి వీపు, నీళ్లకు ముఖం

శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానంలో, బ్యాటర్ నిలబడే చోటి నుంచి చూస్తే కుడివైపు ఒక ఇటుక గోడ కనబడుతుంది. ఆ మూల స్తంభం దాకా దూరం 309 అడుగులే. అంత దగ్గరి గోడ ఉంటే బ్యాటర్‌కు పండగే అనుకుంటాం. కానీ దాని ఎత్తు 24 అడుగులు. జెయింట్స్‌లో అందరికన్నా గొప్ప ఆటగాడు విల్లీ మేస్ చొక్కా మీది అంకె 24, ఆయన గౌరవార్థమే ఆ ఎత్తు. గోడ వెనక జనం నడిచే సన్నటి దారి, ఆ దారి వెనక నీళ్లు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఊళ్లోకి చొచ్చుకొచ్చిన పాయ అది. దానికి ఇంకో మహా బ్యాటర్ విల్లీ మెకోవీ పేరు పెట్టుకున్నారు. ఎడమచేతి బ్యాటర్ బలంగా లాగి కొట్టిన బంతి గోడ దాటి, దారి దాటి నేరుగా ఆ నీళ్లలో పడుతుంది. అక్కడ చిన్న చిన్న కయాక్ పడవల్లో, చేతిలో వలలతో జనం కాచుకుని ఉంటారు.

ఆ గోడ అక్కడే ఎందుకు లేచింది? నేల అక్కడితో అయిపోయింది కాబట్టి. స్టేడియానికి దొరికిన జాగా సుమారు 13 ఎకరాలు. రెండు పక్కల వీధులు, రెండు పక్కల నీళ్లు. గీసేవాడి పెన్సిల్‌ను అఖాతమే ఆపేసింది. దూరం తగ్గింది గనక ఎత్తు పెంచారు. బేస్‌బాల్‌లో నన్ను మొదటి నుంచీ కట్టిపడేసిన సంగతి ఇదే. బేసుల మధ్య దూరం ఏ ఊళ్లోనైనా 90 అడుగులే, బయటి గోడల దూరం మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. లోపలిది శాస్త్రం, బయటిది దేశీయం.

భావానికి కారణమైన విభావాన్ని మన లాక్షణికులు రెండుగా చెప్పారు. దేన్ని ఆశ్రయించి భావం పుడుతుందో అది ఆలంబనం. పుట్టిన భావాన్ని రగిలించే వెన్నెల, తోట, పిల్లగాలి ఉద్దీపనం. ఆటస్థలాన్ని మనం మామూలుగా ఉద్దీపనం పద్దులో రాసేసి, ఆలంబనం మాత్రం ఆటగాళ్లే అనుకుంటాం. ఈ మైదానం ఆ హద్దు చెరిపేసింది. ఇక్కడ గాలి, నీరు, గోడ ఆటను అలంకరించి ఊరుకోవు, తామే బరిలోకి దిగుతాయి. ఆ జట్టు ఎలాంటిదో, దాన్ని చూడ్డానికి ఎంతమంది వస్తారో, ఎందుకు వస్తారో కూడా అవే తేల్చాయి.

దీనికి సాక్ష్యం కావాలంటే అదే జట్టు అంతకుముందు ఆడిన చోటు చూడాలి. జెయింట్స్ 1958లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చారు. రెండేళ్లు సీల్స్ స్టేడియంలో ఆడి, 1960లో క్యాండిల్‌స్టిక్ పార్క్‌కు మారారు. అదీ అఖాతం ఒడ్డే! ఊరికి ఆగ్నేయపు మూలన, ఒక కొండ పక్కన. కాబట్టి ‘నీళ్ల పక్కన కడితే చాలు, అందం అదే వస్తుంది’ అనేవాళ్లకు క్యాండిల్‌స్టిక్ జవాబు చెబుతుంది. పసిఫిక్ నుంచి కొండల సందుల్లోంచి దూసుకొచ్చే గాలి అక్కడ సుడి తిరిగేది. 1961 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో స్టూ మిల్లర్ అనే పిచ్చర్ ఆ గాలికి నిలబడ్డచోటే ఊగితే, అంపైర్ దాన్ని తప్పు కింద లెక్కగట్టాడు. మేస్ లాంటివాడు ఆ గాలికి తలవంచి, తన కొట్టుడు దిశనే మార్చుకున్నాడు. 1970ల మొదట్లో ఫుట్‌బాల్ కోసం స్టాండ్లను చుట్టూ మూసేశారు. గాలి తగ్గలేదు సరికదా, కనబడే కాస్త నీరూ కనబడకుండా పోయింది. రైలు లేదు, నడిచి వెళ్లే వీధి లేదు. కారు, పార్కింగ్, చలి, మళ్లీ కారు. రాత్రి మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్తే చివరిదాకా కూర్చున్నవాళ్లకు జట్టే ఒక బిళ్ల ఇచ్చేది. దాని మీద లాటిన్‌లో ‘వచ్చాను, చూశాను, బతికాను’ అని రాసి ఉండేది. ఆ బిళ్లను ఇప్పటికీ దాచుకున్నవాళ్లున్నారు. కష్టంలో పుట్టిన ప్రేమ అది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అలాంటి ప్రేమ కొద్దిమందికే సాధ్యం. 1974లో సీజన్ మొత్తానికి వచ్చినవాళ్లు 5,19,987 మంది. రెండేళ్లు తిరక్కుండా జట్టు టొరంటోకు తరలిపోయే గండం వచ్చింది. 1992లో ఫ్లోరిడాకు. రెండుసార్లూ ఆఖరి ఘడియలో ఎవరో ఒకరు కొని ఆపారు.

కొత్త స్టేడియం కట్టనివ్వమని అంతకుముందు అడిగిన ప్రతిసారీ ఆ ప్రాంతపు ఓటర్లు కాదన్నారు. 1996లో మాత్రం ఔనన్నారు. ఈసారి కట్టుబడి ఖర్చు ప్రజల నెత్తిన పెట్టకుండా జట్టే పెట్టుకుంటానంది, చోటు కూడా ఊరి నడిబొడ్డుకు దగ్గర్లో చూపించింది. ఈ కథలో నాకు ఒళ్లు జలదరించే మలుపు ఇంకొకటి ఉంది. 1989 అక్టోబర్ 17న క్యాండిల్‌స్టిక్‌లో వరల్డ్ సిరీస్ మ్యాచ్ మొదలవబోతుండగా భూకంపం వచ్చింది. స్టేడియం నిలబడింది. ఊరికి మరో చివర, ఫెర్రీ భవనం ముందు తీరాన్ని కప్పేసిన రెండంతస్తుల రహదారి మాత్రం దెబ్బతింది. 1991లో దాన్ని కూల్చేశారు. ఎన్నో ఏళ్లకు ఊరికి తన నీళ్లు తనకు కనబడ్డాయి. ఆ తెరిచిన తీరం వెంట దక్షిణంగా నడుస్తూ పోతే, గోదాములూ పాత రైలు పట్టాలూ ఉన్న చోట, 2000 ఏప్రిల్‌లో ఈ మైదానం తలుపులు తెరిచింది. మొదట్లో పేరు పసిఫిక్ బెల్ పార్క్. టెలిఫోన్ కంపెనీలు చేతులు మారినప్పుడల్లా పేరూ మారి, 2019 నుంచి ఒరాకిల్ పార్క్ అయింది. ఆ మూల గోడా నీళ్లూ మాత్రం మారలేదు.

కట్టేముందు గాలిని చదివారు. నమూనాను గాలి సొరంగంలో పెట్టి, మైదానం ఏ దిక్కుకు తిరిగి ఉంటే ప్రేక్షకుడికి ఊరటో చూశారు. పడమటి గాలికి ఎత్తైన స్టాండ్ల వీపు పెట్టి, ముఖం తూర్పున నీళ్ల వైపు తిప్పారు. నీటి ఒడ్డు అదే, సముద్రపు గాలి అదే, చలీ అదే. తిరిగి కూర్చున్న తీరు మారింది, అంతే. ఒకే రాగం పాడిన ఇద్దరిలో ఒకరిది మనల్ని తాకి, ఇంకొకరిది దూరంగానే ఉండిపోయినట్టు, క్యాండిల్‌స్టిక్‌కూ దీనికీ మధ్య తేడా అంతా పలికించడంలోనే ఉంది.

ఆ పలుకు ఆటలో ఎలా వినిపిస్తుందో చూడాలంటే కుడి మూలకూ మైదానం నడుమకూ మధ్యనున్న రైట్ సెంటర్ వైపు చూపు తిప్పాలి. మూలన 309 అడుగులున్న గోడ నీటి అంచు వెంటే లోపలికి సాగి సాగి, ఒకచోట 421 అడుగుల దాకా పోయేది. 2020కి 415 చేశారు. బ్యాటర్ మూడో బేస్ దాకా పరిగెత్తగలిగేంత లోతు గనక దాన్ని ‘ట్రిపుల్స్ ఆలీ’ అంటారు. గోడలో ఇటుక, తలుపు కమానులు, మెత్తలు కలగలిసి ఉంటాయి. బంతి దేనికి తగిలి ఎటు తుళ్లుతుందో తగిలేదాకా తెలియదు. 2007 ఆల్‌స్టార్ మ్యాచ్ ఇక్కడే జరిగింది. ఇచిరో సుజుకి కొట్టిన బంతి ఆ గోడకు తగిలి, కాచుకున్న కెన్ గ్రిఫీ జూనియర్ ఊహించిన వైపు కాకుండా అడ్డంగా జారిపోయింది. అతను వెనక్కి తిరిగి దాన్ని అందుకునేలోపు ఇచిరో నాలుగు బేసులూ చుట్టేశాడు. బంతి మైదానం దాటకుండానే హోమ్ రన్. ఆల్‌స్టార్ చరిత్రలో అలాంటిది అదే మొదటిది.

2013 మే 25న జెయింట్స్ బ్యాటర్ ఏంజెల్ పగాన్ కొట్టింది ఇంకా గొప్ప. పదో ఇన్నింగ్స్, కొలరాడోకు ఒక్క పరుగు ఆధిక్యం, ఒక జెయింట్ బేస్ మీద ఉన్నాడు. బంతి అదే గోడకు తగిలి పక్కకు దొర్లింది. పగాన్ రెండో బేస్ దగ్గర ఆగలేదు, మూడో బేస్ దగ్గరా ఆగలేదు. తొడ నొప్పిని లెక్కచేయకుండా పరిగెత్తి, చేతులు చాచి ఇంటి పలక మీదికి దూకాడు. 6-5. గోడ దాటిన హోమ్ రన్‌లో ఫలితం క్షణంలో తేలిపోతుంది, తర్వాత మిగిలేది ఊరేగింపే. ఈ రకం దాంట్లో పదిహేను క్షణాల పాటు ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. నలభై వేల మంది నిలబడి, రెండు కళ్లతో రెండు చోట్ల చూస్తారు: పరిగెత్తేవాణ్ని, బంతిని. ఉత్కంఠ అంటే ఏమిటో ఆ పదిహేను క్షణాలు చూపిస్తాయి.

ఇలాంటి నేల ఎలాంటి జట్టును కంటుంది? చల్లటి బరువైన గాలిలో బంతి దూరం పోదు, రైట్ సెంటర్ మింగేస్తుంది. దిగ్గజం లాంటి కొట్టుడుగాడు తప్ప గోడ దాటించలేడు. బారీ బాండ్స్ దాటించాడు. ఒక్కడే 35 సార్లు బంతిని నీళ్లలో వేశాడు. నీళ్ల మీద పడవల తిరనాళ్లు మొదలైంది ఆయనతోనే. ఆయన మీద మందుల నీడ పడింది నిజమే, అది చెరిగేది కాదు. ఆ బంతులు గాల్లో గీసిన గీత అందమైందన్నదీ నిజమే. ఆయన వెళ్లాక జట్టు తన నేల స్వభావానికే వచ్చింది: బంతి వేసేవాళ్లు, పట్టేవాళ్లు, ఒక్క పరుగు తేడాతో గెలిచేవాళ్లు. టిమ్ లిన్సెకమ్, మ్యాట్ కేన్, మాడిసన్ బమ్‌గార్నర్. 1954 తర్వాత దక్కని వరల్డ్ సిరీస్ 2010లో దక్కింది, తర్వాత 2012, 2014లోనూ. వ్యాఖ్యాత డ్వేన్ కైపర్ ఆ గెలుపులకు ‘టార్చర్’ అని పేరు పెడితే, జనం ఆ మాటను అట్టల మీద రాసుకుని మరీ తెచ్చారు.

2012 జూన్ 13న కేన్ ఒక్క హ్యూస్టన్ బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వలేదు. ఏడో ఇన్నింగ్స్ మొదట్లో రైట్ సెంటర్ లోతుల్లోకి పోయిన బంతిని గ్రెగర్ బ్లాంకో ఎక్కడి నుంచో వచ్చి, గాల్లో పడుకుని అందుకున్నాడు. ఇంకో మైదానంలో అది గోడకు తగిలేదో, దాటేదో. అంత లోతుంది గనకే అంత దూరం పరిగెత్తే చోటూ ఉంది. ఆ రాత్రి కేన్‌తో పాటు ఆ నేల కూడా బంతి వేసిందని నేను నమ్ముతాను.

ఇక జనం సంగతి. గెలుపులు జనాన్ని తెస్తాయి, కాదనను. బాండ్స్ వచ్చిన 1993లో జెయింట్స్ 103 మ్యాచ్‌లు గెలిస్తే ఆ చలి క్యాండిల్‌స్టిక్‌కే 26 లక్షల మంది వచ్చారు. చోటు బలం తెలిసేది ఓడినప్పుడు. 1985లో 100 మ్యాచ్‌లు ఓడిన జట్టును చూడ్డానికి వచ్చింది 8,18,697 మంది. 2017లో 98 ఓడినా 33 లక్షల టికెట్లు అమ్ముడయ్యాయి. ముందే కొన్న సీజన్ టికెట్ల పుణ్యం అందులో కొంత ఉంది, ఖాళీ కుర్చీలూ కొన్ని ఉన్నాయి. 2010 నుంచి నడిచిన 530 హౌస్‌ఫుల్ మ్యాచ్‌ల వరుస తెగింది ఆ ఏడే. అయినా జనం వచ్చారు. ఆఫీసు నుంచి నడిచి, ట్రామ్ దిగి, అఖాతం అవతలి నుంచి ఫెర్రీ ఎక్కి. టికెట్ లేనివాడిని కూడా ఈ మైదానం పూర్తిగా బయట పెట్టలేదు. గోడ కింది కమానుల దగ్గర ఇనుప వలలోంచి మూడు ఇన్నింగ్స్ ఉచితంగా చూడొచ్చు. తర్వాత వెనకవాళ్లకు చోటివ్వాలి. ఏ స్టేడియంలోనూ ఇంతకన్నా మర్యాదైన గోడను నేను చూడలేదు.

అఖాతం అవతలి ఒడ్డున ఓక్లాండ్ కథ వేరు. అక్కడి ఏస్ జట్టు 1972 నుంచి వరుసగా మూడేళ్లు వరల్డ్ సిరీస్ గెలిచింది. అయినా దాని కొలీజియం ఫ్రీవే పక్కన, పార్కింగ్ నడుమ ఒంటరిగా ఉండిపోయింది. ఒకప్పుడు వెనక కొండలు కనబడేవి. 1990ల మధ్యలో ఫుట్‌బాల్ జట్టు కోసం అక్కడా ఎత్తైన స్టాండ్ కట్టి వాటిని కప్పేశారు. క్యాండిల్‌స్టిక్‌కు జరిగిందే దానికీ జరిగింది. ఊరి రేవు పక్కన కొత్త మైదానం కట్టాలన్న ఆలోచన ఏళ్ల తరబడి నడిచి 2023లో ఆగిపోయింది. 2024 సెప్టెంబర్ 26న 46,889 మంది అక్కడ చివరి మ్యాచ్ చూసి, ఊరు వదిలిపోతున్న జట్టుకు వీడ్కోలు పలికారు. ఆ నేల మీద 2025 జూన్‌లో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి, శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున ఫిన్ ఆలెన్ ఒక్క ఇన్నింగ్స్‌లో 19 సిక్సర్లు కొట్టాడు. ఫ్రీమాంట్ తెలుగువాళ్లకు అది రైలు దూరం. క్రికెట్ అక్కడ వేరూనుతుందో లేదో ఆటతో పాటు ఆ చోటూ చెప్పాలి.

సన్నీవేల్‌లోనో శాన్‌హోసేలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులను వంతెన చూపించి, వంకర వీధి చూపించి తీసుకొస్తుంటారు. ఒక మధ్యాహ్నం మ్యాచ్ కూడా చూపించమని నా మాట. క్యాల్‌ట్రెయిన్ ఆఖరి స్టేషన్‌లో దిగితే నడక కాస్తే. నియమాలు తెలియకపోయినా ఫర్వాలేదు. ఖరీదైన కింది సీట్ల జోలికి పోకండి, వాటిలోంచి నీళ్లు కనబడవు. ఇంటి పలక వెనక, అన్నిటికన్నా పై అంతస్తులో కూర్చోండి. ఎదురుగా బే వంతెన, కుడివైపు గోడ, దాని వెనక పడవలు, ఆఖరి ఇన్నింగ్స్‌లకు జనం వదిలేసిన తిండి కోసం దిగే సీగల్ పక్షులు. జూలైలో అయినా స్వెటర్ మర్చిపోకండి.